ఫ్యాన్ల పాట

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నన్ను ఎరిగినవాళ్ళు నవ్వుతారు. ముప్పై నిండని మనిషికి ఆ రోజులేమిటి, ఈ రోజులేమిటి అంటారు. నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ పనిలో కాలం మరోలా నడుస్తుంది. మేం రాసిన ప్రోగ్రాముకు నాలుగైదేళ్ళు వచ్చేసరికి దాన్ని ఇంట్లో ముసలాయన్ని చూసినట్టు చూడడం మొదలుపెడతారు. గౌరవం ఉంటుంది, మాట వినేవాళ్ళే ఉండరు. అందరి కళ్ళూ కొత్తగా పుట్టినదాని మీదే. ఆ లెక్కన నా తొలి ఉద్యోగపు రోజులు కచ్చితంగా ‘ఆ రోజులే’. అప్పట్లో నాకు కొత్తదంటే ఎంత పిచ్చో చెప్పలేను. పాతదాన్ని బాగుచెయ్యమంటే, పెళ్ళికి పిలిచి గిన్నెలు తోమమన్నట్టు ముఖం పెట్టేవాణ్ణి.

కావలిలో రైలుపట్టాలకు దగ్గరగా, ఒక పైపుల దుకాణం మేడమీద మా ఆఫీసు. మొత్తం ముగ్గురం. యజమానిని మేం అక్క అనే పిలిచేవాళ్ళం. చెన్నైలో పెద్ద కంపెనీలో చాలాకాలం పనిచేసి, ఆ జీతం వదులుకుని సొంత ఊరికి వచ్చి ఈ చిన్న కంపెనీ పెట్టిన మనిషి. రెండో ఆయన ఫోనన్న. రైతుల దగ్గరినుంచి వచ్చే ఫోన్లన్నీ ఆయనే ఎత్తుతాడు కనుక ఆ పేరు (అసలు పేరుతో పిలిస్తే, ఎవరినా అని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు). మూడోవాణ్ణి నేను. నాయుడుపేట పక్క పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టి, కావలికి వచ్చి ఇంజనీరింగ్ చదివి, ఇక్కడే ఉద్యోగంలో పడ్డాను. నాకు చిన్నప్పటినుంచీ జాబితాలు రాసే జబ్బు ఉంది. మా అమ్మ సరుకులకు పంపితే, ఆమె చెప్పిన పట్టీని బజారులో దుకాణాలు వచ్చే వరుసలో మళ్ళీ రాసుకుని గానీ గడప దాటేవాణ్ణి కాదు. ఈ సంగతి ఫోనన్న చెవిన పడిన రోజునుంచి ఆఫీసులో నా పేరు ‘పట్టీ’.

మేం చేసే సరుకు ఒక్కటే. అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో నీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు తిరుగుతుంటాయి. రైతులు వాటిని ఫ్యాన్లు అంటారు. కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే రొయ్యలకు ఊపిరాడదు. మబ్బు పట్టిన రోజైతే మరీ ప్రమాదం. చూస్తుండగానే నెలల తరబడి పెంచిన పంట నీళ్ళమీదికి తేలిపోతుంది. అందుకని గుంటగట్టు మీద మోటారు స్విచ్చుల పక్కన బ్యాటరీతో నడిచే మా చిన్న పెట్టె ఒకటి కూచుని ఉంటుంది. ఫ్యాన్లు ఆగితే అది గుంట యజమానికి ఫోన్ చేస్తుంది, ఆయన వెళ్ళి జనరేటర్ వేస్తాడు. మా యాప్‌కు ప్రాణం అదే. మేత ఎంత వేశారో రాసుకోవడం లాంటి మిగతావన్నీ ఒంటిమీద చొక్కాలు.

చేరిన కొత్తలోనే నేను తెల్లబోర్డు నిండా కొత్త సదుపాయాల జాబితా రాసి పెట్టాను. వాతావరణం చెప్పడం, రొయ్యల ధర చెప్పడం, గుంట ఫొటో తీస్తే నీటి రంగును బట్టి సలహా ఇవ్వడం, రైతు పుట్టినరోజుకు శుభాకాంక్షలు. (చివరిదానికి తెరమీద బెలూన్లు ఎగురుతాయి. ఏ రంగు తర్వాత ఏ రంగు ఎగరాలో దాని కింద ఇంకో చిన్న జాబితా.) అక్క చేతులు కట్టుకుని అంతా చదివింది. బాగుందనే అంది. ఆ తర్వాత బోర్డు మీద మిగిలిన కాస్త చోటులో నిలువుగా ఒక గీత గీసి, నా జాబితా నెత్తిన ‘కొత్త పాటలు’ అనీ, గీతకు ఇవతల ‘పాత పాటలు’ అనీ రాసింది. అక్క వాళ్ళ చర్చిలో పాటల బృందాన్ని నడిపేది. ఆఫీసును నడిపే పద్ధతీ అక్కడిదే.

“క్రిస్మస్ వస్తుందంటే మావాళ్ళందరికీ కొత్త పాట మీదే మోజు అబ్బయ్యా. కానీ పాత పాటలో అందరూ ఒకేచోట ఊపిరి తీసుకునేదాకా నేను కొత్తది ముట్టుకోనియ్యను. అట్టాగని ఎప్పుడూ పాతవే పాడితే జనం కునుకు తీస్తారు. అన్నీ కొత్తవే పాడితే నోరు తెరుచుకుని చూస్తారేగానీ మనతో గొంతు కలపరు. అందుకని రెండు పాతవి సరిచేస్తే ఒక కొత్తది. ఈడా అంతే.”

చర్చి పాటల సంగతి నాకు తెలీదు. మా ఊరి భజనలో ఎవరి ఊపిరి వాళ్ళదే. అయినా తలూపాను.

పాత పాటల వరుసలో మొదటిది, సిగ్గుపడకుండా చెప్పాలంటే, నా సొంత రచన. పెట్టె చేసే ఫోన్లో వినిపించే మాటలను నేను చేరగానే తిరగరాశాను. అంతకుముందున్నవి మరీ మొరటుగా ఉన్నాయనిపించింది. నా మాటలను యంత్రం గొంతు ఇలా చదివేది: ‘గౌరవనీయులైన వినియోగదారునికి విజ్ఞప్తి. మీ పేరున నమోదైన చెరువునందు, విద్యుత్ సరఫరాలో ఏర్పడిన అంతరాయము కారణముగా, వాయు ప్రసరణ యంత్రములు...’ ఇంకాస్త దూరం వెళ్ళాక ‘నిలిచిపోయినవి’ అని వచ్చేది. వచ్చేదని నేను రాసిందాన్ని బట్టి చెబుతున్నాను, అక్కడిదాకా విన్న రైతు మాత్రం అల్లూరులో లేడు. ‘గౌరవనీయులైన’ అనగానే ఏ బ్యాంకువాళ్ళో అప్పిస్తామంటున్నారనుకుని కట్ చేసేవాళ్ళు. దానికి తోడు కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా పెట్టె ఫోన్ చేసేది. పది ఉత్తుత్తి ఫోన్ల మధ్య అసలుది ఒకటి వస్తే దాన్ని ఎవరు నమ్ముతారు? ఇది పాత పాటల్లో రెండోది.

ఆ వారం మొదట్లోనే అల్లూరు మామ ఫోన్ వచ్చింది. ఆయన వరసకు ఎవరికి మామో తెలియదు, అందరికీ మామే. ఆయన ఏ మేత వేస్తే చుట్టుపక్కల గుంటల్లో అందరూ ఆ మేతే, ఆయన ఏ పెట్టె పెడితే అందరూ ఆ పెట్టే. ఫోన్‌ను స్పీకర్లో పెట్టనవసరం లేదు, ఆయన గొంతు మాకందరికీ వినిపిస్తుంది.

“ఏందిబ్బా మీ పెట్టె గోల! నిన్న పొద్దుటినుంచి ఒకటే మోత. ఎత్తితే ఎవురో పంతులు పాఠం చెప్తుండాడు.”

ఫోనన్న నా వైపు చూసి, “పంతులు ఈడనే ఉండాడులే మామా” అన్నాడు.

“నవ్వులాట కాదబ్బా. బెంగుళూరోళ్ళు మా ఊరికి వచ్చినారు. వాళ్ళ యాప్‌లో లేనిది లేదంట. వాన చెప్తాది, ధర చెప్తాది, ఫొటో తీస్తే నీళ్ళ సంగతి కూడా చెప్తాదంట. శనివారం మధ్యాన్నం కల్యాణమండపంలో మీటింగు పెట్టి బిర్యానీ పెడుతుండారు. మీరూ రండి. ఎవురిది బాగుంటే అందరం అదే పెట్టుకుంటాం. ఇంతకీ మీ దాంట్లో కొత్తది ఏముండాది?”

ఫోనన్న బోర్డు వైపు చూశాడు. అలవాటైన మాటే నోటికొచ్చింది. “ఈ వారం పాత పాటే మామా. అది కుదిరినాక కొత్త పాట.”

“పాటా? ఫోన్లో పాటొస్తాదా?” అన్నాడు మామ. ఇంతలో రెండో ఫోన్ మోగింది. ఫోనన్న “మళ్ళీ చేస్తా మామా” అని అటు తిరిగాడు. మళ్ళీ చెయ్యడం మరిచిపోయాడు.

నేను మాత్రం లేచి బోర్డు ముందుకు వెళ్ళాను. బెంగుళూరువాళ్ళ దగ్గర ఉన్నవన్నీ మా బోర్డు మీద నేను రాసినవే. అక్క దగ్గరికి వెళ్ళి, వరుస సంఖ్యలతో సహా, పాత పాటలను పక్కనపెట్టి కొత్తవి ఎందుకు మొదలుపెట్టాలో చెప్పాను. అక్క చివరిదాకా వింది.

“అల్లూరు పోతే ఏమవుతాదో నాకు తెలుసులే. ఆఫీసుకు తాళమేసి నేను మళ్ళీ చెన్నై రైలెక్కాల. మీరిద్దరూ ఇంకోచోట చూసుకోవాల. వాళ్ళు ఎంతో మంది కూచుని చేసిందాన్ని నువ్వు శనివారం లోపల చేస్తావా? చేస్తే అది పనిచేస్తాదా?” అని, కుర్చీ నా కంప్యూటర్ పక్కకు లాక్కుంది. “రా. ఈ ఉత్తుత్తి ఫోన్ల సంగతి చూద్దాం.”

అక్క పాత ప్రోగ్రామును చదివే తీరు చూడాలి. నేనైతే ఒక వరుస నచ్చకపోతే చెరిపేసి కొత్తగా రాసేవాణ్ణి. ఆమె తెరమీద వేలు పెట్టి, ఒక్కో వరుస దగ్గర ఆగి, “ఇది ఎందుకు రాసుంటారు?” అని అడిగేది. ఎవరో ఎప్పుడో రాసిన దాన్ని, ఆ రాసిన మనిషి పక్కనే కూచున్నంత మర్యాదగా చదివేది. పాడేవాళ్ళలో ఎవరి గొంతు జారుతోందో వెతికినట్టు వెతికి, ఒకచోట వేలు ఆపింది. కరెంటు పోయిందని తెలియగానే పెట్టె ఫోన్ చేస్తోంది, తిరిగి వచ్చిందా అని చూడడం లేదు. “ఒక నిమిషం ఓపిక పట్టమను. అప్పటికీ రాకపోతే అప్పుడు చెయ్యమను.” అంతే పని. నేను ముఖం మాడ్చుకునే రాశాను. స్విచ్చు వేసి తీసి, వేసి తీసి పరీక్షిస్తుంటే, ఇంజనీరింగ్ చదివింది ఇందుకా అనిపించింది.

తర్వాత నా రచన వంతు. అక్క ఫోనన్నను పిలిచి, “నువ్వు నిద్రపోతుండావు. గుంటలో ఫ్యాన్లు ఆగినాయి. వదిన ఏమని లేపుతాది?” అని అడిగింది.

“ఏమంటాది? ఫ్యాన్లు ఆగినాయి, లెయ్యి అంటాది.”

“అదే పెట్టు పట్టీ.”

“గౌరవంగా లేదు కదక్కా” అన్నాను.

“మామా అని చేర్చు.”

“ఆగినాయి కాదక్కా, ఆగాయి అని రాయాలి.”

“ఈడ రొయ్య చస్తుంటే నీకు వ్యాకరణమా! అల్లూరులో ఎట్టా ఆగుతాయో అట్టానే ఆగనీ” అంది అక్క. ఫోనన్న నవ్వలేక కుర్చీ పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు మళ్ళీ మామ ఫోన్ చేశాడు. “పాట ఎప్పుడొస్తాదబ్బా? నేను ఊరంతా చెప్పుకున్నా. ఫ్యాన్లు ఆగితే మనోళ్ళ పెట్టె పాట పాడతాది, బెంగుళూరోళ్ళకు అది రాదు అని చెప్పినా.”

ఫోనన్న ముఖం తెల్లబోయింది. నాలుక కరుచుకుని అక్క వైపు చూశాడు. ఇప్పుడు తిట్లు పడతాయని నేను బోర్డు వైపు తిరిగి, లేని పని కల్పించుకున్నాను. అక్క మొదట నవ్వింది. ఆ తర్వాత బల్లమీద వేలితో తాళం వేస్తూ ఏదో కూనిరాగం తీసింది. “చెప్పినాడు కదా పెద్దాయన. మాట పోగూడదు. కిటికీలు ముయ్యండి.”

కిటికీ ఒకటి సరిగ్గా మూసుకోదు. దానికి నేను దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. ఫోనన్న ఫ్యాన్ ఆపి (మా తలమీద తిరిగేది), ఊపిరి బిగబట్టి కూచున్నాడు. అక్క ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని పాడింది. మాటలు అవే. ‘ఫ్యాన్లు ఆగినాయి మామా, లెయ్యి మామా లెయ్యి!’ కానీ ‘ఆగినాయి’ దగ్గర గొంతు దిగి, ‘లెయ్యి’ దగ్గర ఎంత పైకి లేచిందంటే, దుప్పటి పట్టుకున్న నేను మునివేళ్ళ మీద లేచాను. అలా ఎన్నిసార్లు పాడిందో. ఒకసారి కింద పైపులు దించిన చప్పుడు, ఒకసారి ఫోనన్న దగ్గు. చివరికి ఒకటి అద్భుతంగా కుదిరింది అనుకుంటుండగా, ఆఖరి ‘లెయ్యి’ వెనకాలే హౌరా వైపు పోయే రైలు కూత వేసింది.

“పాడైపోయిందక్కా” అన్నాను.

“లేదు. ఊపిరి కుదిరింది. ఉండనీ.”

(గుంటలున్న ఆడవాళ్ళ కోసం ‘అత్తా’ అని మరోటి పాడింది. ఎవరికి మామ, ఎవరికి అత్త అనే జాబితా మాత్రం నేనే తయారుచేశాను. ఆ పని నాకన్నా బాగా ఎవరు చేస్తారు?)

శుక్రవారానికి పాట అన్ని పెట్టెల్లోకీ చేరింది. అంతవరకు మా ఫోన్‌ను కట్ చేసినవాళ్ళు, ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూడడం మొదలుపెట్టారు. పాట వినడానికి మెయిన్ స్విచ్చు తామే ఆపి నిలబడ్డ మహానుభావులున్నారు. ఒకాయనైతే, “మా ఆవిడ కూడా వినాలంటుండాది, ఇంకోసారి పంపిస్తారా” అని ఫోనన్నను అడిగాడు.

శనివారం కల్యాణమండపం కిటకిటలాడింది. బయట మబ్బు దట్టంగా పట్టి ఉంది, లోపల ఏసీ చల్లగా ఉంది. రైతులు ముందు వరుసల్లో, గుంటల దగ్గర కాపలా ఉండాల్సిన మనుషులు వెనక బిర్యానీ వరుసలో. ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న బెంగుళూరు కుర్రాళ్ళు పెద్ద తెరమీద ఒక్కొక్కటే చూపించారు. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది. వాన, ధర, నీటి రంగు, నేను రాసుకున్న వరుసలోనే వస్తున్నాయి. చివర్లో పుట్టినరోజు శుభాకాంక్షలంటూ తెరనిండా బెలూన్లు ఎగిరాయి. హాలంతా చప్పట్లు. నా కళ్ళు చెమర్చాయి. పక్కన అక్క కూడా చప్పట్లు కొడుతోంది. మనసారా కొడుతోంది, అదే నాకు మింగుడుపడలేదు.

అప్పుడు లైట్లు ఒక్కసారి మినుకుమన్నాయి. మండపం జనరేటర్ వెంటనే అందుకుంది. తెర ఆరలేదు, ఏసీ ఆగలేదు, ఎవరూ తల తిప్పలేదు. కానీ ఊళ్ళో కరెంటు పోయిందంటే గుంటల మీదా పోయినట్టే. అక్కడ జనరేటర్ వేసేవాళ్ళందరూ ఇక్కడే, చేతిలో ప్లేట్లతో ఉన్నారు. నేను అక్క వైపు చూశాను. ఆమె అప్పటికే మామ జేబు వైపు చూస్తోంది. పెట్టెలకు ఓపిక నేర్పింది నేనే. ఆ నిమిషం ఎంత పొడుగో నాకు అప్పుడు తెలిసింది. కరెంటు తిరిగి రాలేదు. ఫోన్లూ మోగలేదు. ముఖం మాడ్చుకుని రాసిన ఆ నాలుగు వరుసలను మనసులో మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ, ఎక్కడైనా తప్పు రాశానా అని వెతుక్కున్నాను. ఇక ఆగలేక, “అందరూ గుంటల దగ్గరికి...” అని అరవడానికి లేచాను.

మామ జేబు మోగింది. ఆయన ఫోన్ ఎత్తి, అందరికీ వినిపించాలని గర్వంగా స్పీకర్లో పెట్టాడు. ‘ఫ్యాన్లు ఆగినాయి మామా...’ అది ‘లెయ్యి’ దాకా వెళ్ళకముందే పక్క వరుసలో ఇంకో ఫోన్ ‘ఫ్యాన్లు ఆగినాయి’ అంది. వెనక ఇంకోటి. మూలన ‘అత్తా’ అంటూ మరోటి. అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోవాలని బృందాన్ని వేపుకుతినే మనిషి పాట, ఏ రెండు ఫోన్లూ ఒకచోట ఊపిరి కలవకుండా, హాలు నలుమూలలనుంచీ లేచింది. ఒక్కో జేబులోంచి ఒక్కో రైలు కూత వేసుకుంటూ పోయింది.

అరక్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మామ పంచె ఎగగట్టి, “రేయ్, పాట కాదురా, నిజంగానే ఆగినాయి! లెయ్యండి!” అని గర్జించాడు. కుర్చీలు పడ్డాయి. ప్లేట్లు ఎక్కడివక్కడ ఆగాయి. బయట మోటారుసైకిళ్ళ మోత. చూస్తుండగానే మండపంలో బెంగుళూరు కుర్రాళ్ళు, మేము, వంటవాళ్ళు మాత్రం మిగిలాం. మైకు పట్టుకున్న అబ్బాయి ఖాళీ కుర్చీల వైపు కాసేపు చూసి, మెల్లగా వచ్చి అక్క పక్కన కూచున్నాడు. “ఆ గొంతు మీదేనా మేడమ్?” అని అడిగాడు. ఔనంది. “మా దగ్గర అన్నీ ఉన్నాయి మేడమ్. మా ఫోన్‌కి ఇలా ఎవరూ లేచి పరుగెత్తరు” అన్నాడు. అక్క అతనికి ఆ బెలూన్లు ఎంత బాగున్నాయో చెప్పింది. అది కూడా మనసారానే.

మామ తిరిగి వచ్చేసరికి మోకాళ్ళదాకా బురద. అక్క లేచి నిలబడి, “రొయ్యలు?” అంది. వేరే ఏమీ అడగలేదు.

“ఆడుకుంటుండాయి పాపా. ఒక్కటి తేలలేదు. ఎవురివీ తేలలేదు.” ఆయన ఆగిన ప్లేటును మళ్ళీ అందుకుని, ఒక ముద్ద తిని, మా ఎదురుగా కూచున్నాడు. “మీ పెట్టే ఉంటాది, ఇంక ఆ మాట వొదిలెయ్యండి. కానీ పాపా, ఆ బెలూన్లు మాత్రం బలే ఉండాయి. అవి మన దాంట్లో పెట్టగూడదా?”

నేను గోడ వైపు చూశాను. అక్క నవ్వును దాచుకోలేదు. “రెండు పాతవి సరిచేసినాం కదా. ఇంక కొత్తది ఒకటి మొదలుపెట్టొచ్చు. రంగుల వరుస కూడా మా పట్టీ ముందే రాసిపెట్టినాడు మామా” అంది.

అలా మా యాప్‌లో నేను స్వయంగా కట్టిన మొదటి కొత్త పాట బెలూన్లయ్యాయి. అక్క ఇప్పటికీ ఆ నిలువుగీతను చెరపలేదు. నేనూ మారానని చెప్పుకోను, ఇప్పటికీ బోర్డు మీద కొత్త పాటల వైపే నా దస్తూరీ ఎక్కువ. ఒకసారి మాత్రం ఎవరూ చెప్పకుండానే పాత పాట ఒకటి నా అంతట నేను పట్టుకున్నాను. అక్క పాట చివరి రైలు కూతను తుడిచేసి, శుభ్రంగా చేసి పంపించాను. మర్నాడు ఫోనన్నకు అన్నం తినే తీరిక దొరకలేదు. “రైలు యాడికి పోయిందబ్బా? కూత లేకుంటే మీ ఫోనని ఎట్టా తెలస్తాది?” అని అల్లూరు మొత్తం అడిగింది. అక్క ఏమీ అనకుండా గీతకు ఇవతల ‘రైలు’ అని ఒక్క మాట రాసింది. సాయంత్రానికి రైలును తిరిగి పట్టాల మీద పెట్టేశాను.

మొన్న అల్లూరునుంచి కావలికి బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన కునుకు పట్టింది. ఎవరిదో ఫోన్ పాడింది. అదే దిగడం, అదే లేవడం, వెనకాలే రైలు. బస్సులో సగంమంది ఒక్కసారిగా జేబులు తడుముకున్నారు. ఫోన్ తాలూకు ఆయన “ఆపబ్బా, ఆపు” అంటూ డ్రైవర్ దగ్గరికి పరుగెత్తి దిగిపోయాడు. బస్సు కదిలాక పక్కాయన నన్ను వింతగా చూస్తున్నాడు. నేనూ నిలబడి ఉన్నాను, ఒక చేతిలో సంచి, ఒక కాలు నడవలో. నాకు గుంట లేదు, రొయ్యలు లేవు, అయినా లేచాను.